మనీషా చుట్టు తెల్లగీత

శనివారం వచ్చిందంటె పాన్‌గల్ హైస్కూల్ల మధ్యాహ్నం బువ్వ తిన్నంక పిల్లలు బెంచీలు గోడకు జరిపి నడుమ జంపఖానా పరుస్తరు. వనపర్తి నుంచి సింధూజ మేడం బస్సు దిగి వస్తది. కరోనా పోయి ఇన్నేండ్లయినా అది మనుషుల లోపట ఇడిసిపోయిన బుగులు, భయం పోలేదని, పిల్లల్ని, సార్లను, టీచర్లను కలిపి కూసోవెట్టి మాట్లాడిస్తది. "మందుల్లేవు, సూదుల్లేవు, ముచ్చటే" అంటది.

జంపఖానా మీద అందరు ఒకర్నొకరు ఒరుసుకొని కూసుంటరు. పదో తరగతి మనీషా దగ్గర మాత్రం నాలుగు దిక్కుల జాగ ఇడుస్తరు. ఆ పిల్ల చుట్టు బ్లీచింగ్ పొడి గీత ఉంటది గద, అందుకని.

ఆ గీత ఆరో తరగతిలున్నప్పటిది. కరోనాల వాళ్ల నాయిన బాలరాజు ఇంట్లనే కన్నుమూస్తే పంచాయతి హన్మంతు వచ్చి ఇంటి చుట్టు పొడి చల్లిపోయిండు. ఇంటి చుట్టున్నది వానకు కొట్టుకపోయింది. మనీషా చుట్టున్నది మటుకు ఆమెతోటే నడిసింది. గీత కాడికి రాంగనే ఎవరి కాలన్నా దానంతటదే ఆగిపోతది. కన్నతల్లి జములమ్మ కూడ బువ్వ పళ్లెం గీత అవతలి నుంచే లోపటికి జరుపుతది. బస్సుల కండక్టరమ్మ, "టికెట్టు ఫ్రీ అయితె అయింది గని నలుగురి జాగ తింటివి గదనే పిల్లా" అని నవ్వుకుంటనే ఎనక సీట్లు ఖాళీ చేపిస్తది. అలవాటైనంక ఏదైనా అంతే. ఎందుకని ఎవరు అడుగరు.

ఈసారి పరేషానంత లెక్కల టీచర్ పార్వతమ్మకే. జములమ్మ శనివారం పొద్దుగాల బడికి వచ్చి, "దసరా ఎల్లంగనే మానిపిస్త టీచరమ్మా" అన్నది.

"పదో తరగతి ముంగట వెట్టుకొని మానిపిచ్చుడేంది జములమ్మా? లెక్కలల్ల దీన్ని మించినోళ్లు లేరు."

"పరీక్ష హాలుల దీన్ని ఎక్కడ కూసోవెడతరు? పత్తి చేన్ల అయితె సాలుకు ఒకరే గద. గీత ఉన్నా నడుస్తది."



జంపఖానా మీద సింధూజ మేడం ఆ శనివారం ఒక్కటే అడిగింది. కరోనా దినాల్ల ఎవరికి ఏం చెప్పాలనుకొని చెప్పకుండ ఉండిపోయిండ్రని. తెలుగు సారు రామచంద్రయ్య నాగర్‌కర్నూల్ల పోయిన తల్లిని తలుసుకొని చిన్నపిల్లగాని లెక్క ఏడ్సిండు. మనీషా ప్రతిసారి చెప్పేదే చెప్పింది: "బాగనే ఉన్న మేడం." పార్వతమ్మ వంతు వచ్చింది. గద్వాలల తమ్ముడు మహిపాల్ అప్పుడే పోయిండు, మన్ను పోయనీకె కూడ ఆమె పోలేదు. ఆ మాట నోటిదాక రాలేదు. "నాకేమైంది, బాగనే ఉన్న" అన్నది.

బస్సెక్కేటప్పుడు సింధూజ మేడం మెల్లగ, "మీ వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల మీ మొఖమే చూస్తుండె టీచర్" అన్నది.  ఎందుకు చూస్తదో పార్వతమ్మకు తెల్సు.

కరోనాకు బడి బందై అప్పుడు పాఠాలు టీవీల వస్తుండె. చూసిన్రా లేదా అని టీచర్లు పొద్దుగాల ఫోన్లు చేసి అడగాలె. తమ్ముడు పోయిన వారమే, ఏడ్సుకుంట కూసుంటె ఏమొస్తదని, పార్వతమ్మ ఫోన్లు చేస్తనే ఉన్నది.

"పాఠం చూసినవా మనీషా?"

"చూసిన టీచర్."

"ఏం పాఠం?"

"భిన్నాలు."

"శబాష్. నాయినకియ్యి ఫోను."

"నాయిన పండుకున్నడు టీచర్. లేస్తలేడు."

పార్వతమ్మ నవ్వింది. "పొద్దుగాల్నే మందేసిండా ఏందే?" అని ఫోను పెట్టేసింది.

మాపటికి బాలరాజు పోయిన సంగతి తెల్సింది. పెండ్లికి పోకున్నా సావుకు పోవాలంటరు. రోగం భయానికి అప్పుడు పోలేదు, భయం పోయినంక మొఖం చెల్లక పోలేదు. గీత అవతల నిలవడి ఇన్నేండ్లు ఆ పిల్లకు లెక్కలే చెప్పింది. నా నోట్ల మన్ను వడ అని తనను తాను తిట్టుకోని దినం లేదు.

ఐతారం నాడు ఆమె బువ్వ, పప్పుచారు టిఫిన్ల వెట్టుకొని బయలెల్లింది. సావింట్ల పొయ్యి ముట్టియ్యరు గద, పలకరింపుకు పోయేటోళ్లే వండుకొని పోతరు.

టిఫిను చూసి జములమ్మ బిత్తరపోయింది. "ఇప్పుడేంది టీచరమ్మా?"

"ఇప్పుడన్న రానియ్యి జములమ్మా."

మనీషా వాకిట్ల కూసొని తల దువ్వుకుంటుండె. గీత కాడ పార్వతమ్మ కాలు ఆగింది.

"ఆ పొద్దు నేను నవ్విన బిడ్డా. లేస్తలేడు అంటివి. ఇనవడ్డది. అయినా నవ్విన. నాదే తప్పు."

మనీషా దువ్వెన కింద వెట్టింది. "మీరు మల్ల చేస్తరనుకున్న టీచర్. అమ్మ ఇంట్ల లేకుండె. మల్ల చేస్తే చెబుదామని ఫోను పట్టుకొనే కూసున్న. చార్జింగ్ అయిపోయిందాక."

అంతే. పార్వతమ్మ సదువు, నౌకరి అన్నీ ఎటు పోయినయో. "ఓ బిడ్డో, పట్టుకొనే కూసుంటివా" అని శోకం పెట్టి ఆ పిల్ల మెడ మీద వడ్డది. కాలు గీత ఎప్పుడు దాటిందో ఎవరు చూడలేదు. మనీషా బిగ్గరగ ఏడ్సింది. జములమ్మ ఉరికొచ్చి బిడ్డ ఈపు, జుట్టు, భుజాలు తడిమి తడిమి చూసింది. "ఎంత పొడుగైనవే! ఎప్పుడైనవే ఇంత పొడుగు!" అన్నది. ముగ్గురు ఒక్క పళ్లెంలనే తిన్నరు. దసరా మాట, పత్తి మాట జములమ్మ మల్ల ఎత్తలేదు.

సోమవారం మనీషా బెంచి మీద పిల్లల నడుమ ఇరుక్కొని కూసున్నది. పార్వతమ్మ సంబురంగ క్లాసుల అడుగువెట్టింది. ముందు బెంచి పిల్లలు ఎనకకు జరిగిండ్రు. ఆమె కిందికి చూసుకున్నది. చెప్పుల చుట్టు తెల్లగ గీత.

స్టాఫ్ రూముల హెడ్మాస్టరు ఆమె కుర్చీని కిటికీ కాడికి జరిపిచ్చిండు.

బడి ఇడిసినంక మనీషా వచ్చి గీత కాడ ఆగింది.

"ఎట్లున్నరు టీచర్?"

ఈసారి తమ్ముని పేరు పార్వతమ్మ నోటిదాక వచ్చింది. మింగేసింది. "నాకేమైందే? బాగనే ఉన్న."

గీత కదలలేదు. మనీషా బ్యాగు భుజానికేసుకున్నది.

"సరే టీచర్," అన్నది. "రేపు మల్ల అడుగుత."