గడియారాల కొట్టులో హంతకుడు

మా అక్కతో సినిమాకి వెళ్ళడమంత నరకం ఇంకోటి లేదు. ఇంటర్వెల్ కాకముందే హంతకుడెవరో నా చెవిలో ఊదేస్తుంది. పైగా ఒక్కసారైనా తప్పు చెప్పదు. చిన్నప్పటి నుంచీ నా సినిమాలన్నీ అలాగే పాడుచేసింది. అందుకే రచయితనయ్యాక ఒకటే పంతం పట్టాను, ఆవిడ కనిపెట్టలేని థ్రిల్లర్ రాయాలని.

అదేమంత తేలిక కాదు. పాతకాలం సినిమాల్లో హంతకుడు వంటవాడే అయ్యేవాడు. జనం పసిగట్టేశాక రచయితలు డాక్టర్ని పట్టుకున్నారు, తర్వాత హీరో స్నేహితుణ్ణి. ఆఖరికి చక్రాల కుర్చీలో మూలుగుతున్న తాతగారు కూడా లేచి కత్తి దూశారు. హంతకుణ్ణి దాచడానికి చోటే మిగల్లేదు. నానా తంటాలూ పడి, గడియారాలు బాగుచేసే నోట్లో నాలుకలేని మనిషిని ఒకణ్ణి పుట్టించాను. హీరోయిన్ వాచీకి సెల్లు మార్చి ఇస్తాడు, అంతే. వాణ్ణి ఎవరూ పట్టించుకోరు.

నిర్మాత మా బావే, అక్క మొగుడు. అక్కకి చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ కథ వినిపించాను. ఆయన మాట తప్పలేదు. కానీ ఆ గడియారాలవాడి వేషానికి, ఊరూవాడా గుర్తుపట్టే పెద్ద విలన్‌ని తీసుకొచ్చారు. నాకు తల తిరిగిపోయింది. అంతటి నటుడు ఉత్తపుణ్యానికి సెల్లు మార్చడానికి వస్తాడా, తెర మీద కనపడగానే చంటిపిల్లలు కూడా కనిపెట్టేయరా అని మొత్తుకున్నాను. పోస్టరు మీద ఒక మొహం ఉండొద్దా అన్నారాయన. గోడకి చెప్పుకున్నట్టే అయింది.

అప్పటికే సగం సినిమా తీసేశారు. ఒళ్ళు మండి ముగింపు తిరగరాశాను. హంతకుడు ఆ కేసు దర్యాప్తు చేసే ఇన్‌స్పెక్టరు, విలన్‌గారు అమాయకుడు. ఆయన్ని చూసి అక్క బోల్తాపడాలి, అదీ నా ఎత్తు. బావ కూడా సరేనన్నారు.

ప్రివ్యూలో అక్క పక్కనే కూర్చున్నాను. విలన్ రాగానే నన్ను మోచేత్తో పొడిచి, వీడే అంది. నేను లోలోపల గంతులేశాను. చివర్లో ఇన్‌స్పెక్టరు దొరికిపోయాడు, లైట్లు వెలిగాయి. జన్మలో మొదటిసారి అక్క తప్పు చెప్పింది. ఆశగా ఆవిడ మొహంలోకి చూశాను.

"హత్య జరిగినప్పుడు ఆ ఇన్‌స్పెక్టరు హీరోయిన్‌తోనే ఉన్నాడు కదరా?" అంది.

ఆ సీను నేనే రాశాను, నేను ముగింపు మార్చకముందే దాని షూటింగ్ అయిపోయింది. పంతంలో పడి ఆ సంగతే మర్చిపోయాను.

"నువ్వు దాచలేదురా, అబద్ధం చెప్పావు. దాచి ఉంటే వెతుక్కునేదాన్ని."

కోపంగా అన్నా బాగుండేది. నొచ్చుకుని అంది. వెనక వరసలో బావ మళ్ళీ పాత ముగింపే షూటింగ్ చేయాలంటూ అప్పుడే విలన్‌గారికి ఫోన్ చేస్తున్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క మీద గెలిచానని ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.