ఒకరు తగ్గితే

ఇంకో రెండు చెంబులు కాగులో పోసి ఉంటే సరిపోయేది, చివరి పిల్లకు చన్నీళ్ళు కలపవలసిన పని తప్పేది, కానీ నీళ్ళెక్కడివి, కోడి కూయకముందే పోయి బావి దగ్గర కాచుకుంటే అడుగున బురదలోంచి ఊరినవి రెండు కడవలకే చాలాయి, రెండో కడవ చంకన పెట్టుకునేసరికి నడుము పట్టేసింది, సరే, చివరి పిల్ల అంటే ఎప్పుడూ సుంకే కదా, మూడేళ్ళది, చన్నీళ్ళు మీద పడగానే కాళ్ళు రెండూ ఎత్తి ఎత్తి తొక్కుతుంది, కీచుమని అరుస్తుంది, అరుస్తూనే నవ్వుతుంది, ఈ పొద్దు ఆ గోల లేదు, రేపటి నుంచి అసలే ఉండదు, అనుకుంది రామాంజినమ్మ, అనుకుని, పెద్దది హనుమి తలకు సీకాయపొడి రుద్దుతున్న చెయ్యి అలాగే ఆపేసి కూర్చుంది, మా, కండ్లలో పడింది మా, మండుతాంది మా, అని హనుమి కేకలు పెడితే ఉలిక్కిపడి గబగబా నీళ్ళు పోసింది, ఏడేళ్ళ పిల్లకు ఇంత జుట్టా, ఇది ఆరేదెప్పుడు, చిక్కు తీసేదెప్పుడు, దాని వెనక ఐదేళ్ళ బోరన్న ఒంటిమీద బట్ట లేకుండా నిలబడి పొయ్యి బూడిదలో పుల్లతో గీతలు గీస్తున్నాడు, లోపల ఉయ్యాలలో చంటివాడు ఇంకా లేవలేదు, లేవకముందే ఇద్దరివీ అయిపోవాలి, ఇద్దరివీ అనుకుంది, ముగ్గురివీ అనుకోలేదు, సుంకిని పొద్దున్నే వదిన ఎత్తుకుపోయింది కదా, ఇంక ఇది నా బిడ్డమ్మే, దీనికి నీళ్ళు నేనే పోసుకుంటా, నువ్వు నీ పని చూసుకో పో, అని చెంబెడు వేడినీళ్ళు వేరే తీసుకుని, దొడ్డి పక్కన బండ మీద కూర్చోబెట్టి, ఎంత మెల్లగా పోసింది, చెవుల వెనక కూడా వేలు పెట్టి తుడిచింది, పిల్లల చెవుల వెనక చూడడానికి తనకు ఎప్పుడు తీరింది గనక.

అంతా నిన్న సందెవేళ జారిన మాట, వదిన నరసక్క అంటే తన మొగుడు బైలప్పకు అక్క, సరిహద్దు ఎల్లరాయి అవతల మడకశిర సీమకు ఇచ్చిన ఇంటి ఆడపడుచు, పది దినాల కిందట పుట్టింటికని వచ్చింది, వచ్చినప్పటి నుంచి ఊరికే కూర్చున్నది లేదు, కసవు ఊడ్చింది, కడవలు మోసింది, చంటివాణ్ణి ఊపింది, నిన్న మాత్రం గుడ్డలు ఉతకడానికి పోయి పొద్దు గూకినాక వచ్చింది, అప్పటికి ఇంట్లో నలుగురూ ఒక్కసారే ఏడుస్తున్నారు, ఒకరికి ఆకలి, ఒకరికి కాల్లో ముల్లు, ఒకరి చెనిక్కాయలు ఒకరు తిన్నారు, చంటివాడికి ఏమని చెప్పుకోవాలో తెలియని ఏడుపు, జర్మనీ యుద్ధం వచ్చినప్పటి నుంచి కిరసనాయిలు దొరకదు, చీకట్లో ఎవరి ముక్కు ఎవరిదో తెలియక తుడుస్తూ, నువ్వన్నా ఒకరిని ఎత్తుకొని పో వదినా, ఒకరు తగ్గితే నాకు ఊపిరన్నా ఆడుతుంది, అని అనేసింది, అలా అనని తల్లి ఈ రాయచెర్లులో ఎవరు ఉన్నారు, అందరూ అనేదే, అందరూ నవ్వేసేదే, నరసక్క మాత్రం నవ్వలేదు, తడి గుడ్డల మూట కింద పెట్టి, నిజంగా అంటాండావా అమ్మీ, అంది, మూడు పురుళ్ళు పోసుకుని మూడింటినీ మట్టిలో పెట్టిన మనిషి అది, అట్లయితే రేపు నాకు బియ్యం వద్దమ్మే, సుంకిని పెట్టు నా ఒడిలో, అంది, పుట్టింటి నుంచి పోయే ఆడపడుచు కొంగు పరిస్తే తమ్ముడి పెళ్ళాం పసుపు కుంకుమ ఇచ్చి బియ్యం పోసి ఒడి నింపాలి, ఉత్త ఒడితో పంపకూడదు, ఒడిలో పడింది ఏదైనా ఇంక ఆడపడుచుదే, మళ్ళీ అడగకూడదు, తెలుసు, అన్నీ తెలిసే, ఊ అంది తను, ఆ ఊ సరేననో, విన్నాననో, చాలు ఇంక నన్ను పండుకోనీ అనో, తనకే తెలియదు, నరసక్క మాత్రం తెలిసినట్టే ఆ రాత్రే పొయ్యి వెలుగులో తన పెళ్ళి చీర కొస చించి పిల్లకు లంగా కుట్టడానికి కూర్చుంది.

ఆ మనిషన్నా ఒక మాట అనవచ్చు కదా, బైలప్ప, కన్నతండ్రి, తెల్లవారుజామున గొర్రెలు తోలుకుపోతూ కంబళి భుజాన వేసుకుంటుంటే వాకిలికి అడ్డం నిలబడి అడిగింది, ఏమప్పా, మీ అక్కకు ఏం చెప్తావు, అంటే, నేనేం చెప్పేది, అనింది నువ్వు, మోసేది నువ్వు, పెంచేది నువ్వు, మా అక్కకు లేదనడానికి నాకు నోరు రాదు, ఇచ్చేయమనడానికీ నోరు రాదు, అని గొర్రెల వైపు చూస్తూ చెప్పాడు, గొర్రెలతోనే చెప్పినట్టు, ఎంత సులువు, మోసేది నువ్వు అనేస్తే మోయడమూ తనదే, దించడమూ తనదే, పోతూ పోతూ నిద్రపోతున్న సుంకి పక్కన ఒంగి దాని మీద కప్పు సరిచేశాడు, అంబలి తాగకుండానే పోయాడు, తాగిపో అని తను పిలవలేదు, ఆకలితోనే పోనీ, ఒక పూట, అనుకుంది.

సరే, ఒకరు లేరు కదా, పని తగ్గాలి కదా, అనుకుంటూ సంగటికి ఎసరు పెట్టింది, వదిన సుంకిని ఎత్తుకుని ఊరంతా చూపించి వస్తానని, అటునుంచి సుంకులమ్మ గుడిలో టెంకాయ కొట్టించుకొస్తానని పోయింది, దానికి నాతో అలవాటు కావల్ల, నా దగ్గరే ఉండనీ, నువ్వు పిలవద్దు, అని మరీ చెప్పి పోయింది, ఇల్లు నిమ్మళంగా ఉండాలి, ఉంది, ఎసరు కాగేదాకా ఉంది, పిండి పోసి మూత పెట్టిందో లేదో చంటివాడు లేచాడు, హనుమీ, ఉయ్యాల ఊపే, అని పిలిస్తే పలుకు లేదు, వీధిలోకి తొంగి చూస్తే లేదు, ఆ పిల్ల ఎప్పుడూ ఇట్లా పోలేదే, పోలేదు, చంకలో సుంకి ఉన్నంతసేపు ఎక్కడికి పోతుంది, మలుపు దాకా పోయేసరికి చంక నొప్పి పుట్టి వెనక్కి వస్తుంది, ఈ పొద్దు చంక ఖాళీ, కాళ్ళకు రెక్కలు, ఏ గట్టు మీద పరుగెత్తుతోందో, తల ఇంకా ఆరలేదు, ఒక కాలితో ఉయ్యాల తాడు లాగుతూ, రెండు పాదాల మధ్య పట్టుకోవలసిన కుండను ఒక్క పాదంతో ఆపి తెడ్డుతో గెలకబోతే కుండ ఒరిగింది, ఉడుకు సంగటి మడమ మీద పడింది, అబ్బా అని కూడా అనలేదు, అంటే పెద్దవాళ్ళెవరు వినాలి, బోరన్న వచ్చి కొంగు పట్టుకున్నాడు, మా, నువ్వు గొర్రె కామ్మా, అన్నాడు, ఏందిరా, అంటే, నాకు గొర్రె లేదు మా, సుంకి గొర్రె, నేను గొల్లోన్ని, దొడ్డి కట్టినా, తోలుకొచ్చేకి గొర్రె లేదు, నువ్వు రా, అని ఏడుపు మొదలుపెట్టాడు, గులకరాళ్ళు పేర్చి వాకిట్లో ఇంత దొడ్డి కట్టాడు, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇద్దరికీ అదే ఆట, వాడు అదిలిస్తాడు, అది నాలుగు కాళ్ళ మీద పాకుతుంది, ఒకసారి నిజంగా గరిక నమిలి మింగి రెండు దినాలు కడుపునొప్పి అని దొర్లింది, వాడి అరుపులూ దాని అరుపులూ వినీ వినీ తల వాచిపోయేది, ఆ గోలలోనే కదా తను సంగటి గెలికింది, పాలు పితికింది, ఒకరి మీద ఒకరు పడి ఆడుకుంటూ ముగ్గురూ తన మీద పడకుండా ఉన్నది ఆ గోల వల్లనే కదా, ఆ సంగతి ఇంతదాకా తనకు తట్టనే లేదు.

పోరా, నాకు గొర్రెలాట కావల్నా ఇప్పుడు, అని కసిరింది, వాడి కింది పెదవి ముందుకు వచ్చింది, చంటివాడు ఉయ్యాలలో నీలంగా మారి ఏడుస్తున్నాడు, మడమ మండుతోంది, ఏం చేయాలో తోచక, చేతులకు సంగటి అంటుకుని ఉండగానే, మే, అంది, ఒక్కసారి, గొంతు సాగదీసి, ఈనబోయే గొర్రెలా, బోరన్న నోరు తెరిచి చూశాడు, ఉయ్యాలలో ఏడుపు టక్కున ఆగింది, మళ్ళీ అను మా, అన్నాడు వాడు, మళ్ళీ అంది, మే, చంటివాడు పండ్లు లేని నోటితో పకపకా నవ్వాడు, అటునుంచి పోతున్న పొరుగింటి సంజీవమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ఏమ్మే, బైలప్ప గొర్రెలన్నీ తోలుకపోలేదా, ఒగటి ఇంట్లోనే ఉండిపొయ్యింది, అంటే సిగ్గుపడి నవ్వింది, ఎన్నాళ్ళకు నవ్వింది, నవ్వు ఆగినాక ఇంకా అలసటగా అనిపించింది, కానీ ఈ గొర్రెకు బోరన్న ఒప్పుకోలేదు, నువ్వు సరిగా పాకవు మా, సుంకి ఎప్పుడొస్తాది, అన్నాడు.

పొద్దు వాలుతుండగా నరసక్క వచ్చింది, భుజం మీద సుంకి నిద్రపోతోంది, కొత్త లంగా, తలకు ఆముదం, నుదుట ఇంత కుంకుమ, నోటి పక్కన బెల్లం మరక, నీ కోసం ఒక్క తూరి కూడా అడగలేదమ్మే, ఒక్క తూరి, అంది నరసక్క గొంతు తగ్గించి, నిద్ర చెడకుండా, గుడి పక్కింటోల్లు సంగటి పెడితే ముద్దంతా తినేసింది, నా రొమ్ము మీద తల పెట్టి అట్లనే పండుకొనింది, చెయ్యి తీయనీదు చూడు, అంది, నిజమే, పిల్ల పిడికిట్లో నరసక్క రవిక అంచు ఉంది, అడగలేదా, మంచిదే, అడగకపోతేనే మంచిది, అడగకపోవడం ఏమిటి, పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా అడగలేదా, రామాంజినమ్మకు చేతులు చాచాలని ఉంది, చాచలేదు, నరసక్క ముఖం అట్లా ఉంది, రోజంతా పిల్లను మోసి చెమట పట్టి, నడుము ఒంగి, తను ఏడేళ్ళుగా మోస్తున్న అలసటనే ఆమె ఈ ఒక్క దినం మోసి పండగ చేసుకున్నట్టు, ఆ ముఖంలోకి చూసి లేదని ఎట్లా అనేది, ఇవ్వనంటే మనిషిని చంపినట్టు, ఇస్తే, ఇస్తే ఏమవుతుందో మాత్రం తెలిసినట్టే ఉంది.

బండి వచ్చింది, నరసక్క మొగుడు దొడ్డయ్య పావగడ సంత చూసుకుని ఎద్దులు తోలుకుని వచ్చాడు, బైలప్ప కూడా గొర్రెలను దొడ్డిలో విడిచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఎవరి ముఖమూ చూడకుండా, కంబళి పరిచారు, నరసక్క తూర్పుముఖంగా కూర్చుని కొంగు పరిచింది, నిద్రలేచిన సుంకి పక్కనే నిలబడి కొత్త లంగా అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది, తెచ్చుకో అమ్మీ పసుపు కుంకుమ, పొద్దు పోతాంది, ఎల్లరాయి దాటల్ల, అంది నరసక్క, రామాంజినమ్మ లోపలికి పోయింది, కుంకుమ భరిణ గూట్లో ఉంది, తీసుకుంది, పసుపు కొమ్ము తీసుకుంది, తమలపాకు, బెల్లం, ఇంక పోయి పిల్లను ఎత్తి పెట్టడమే, అంతే, ఎత్తి పెట్టడం తనకు చేతకాని పనా, రోజూ వందసార్లు ఎత్తి పెట్టేదే, కానీ చెయ్యి గంపలో ఉంది, పండగకని మూలన దాచిన బియ్యం, ఈ రాగులు తినే ఊళ్ళో ఏడాదికి ఒకసారి తెల్లగా కనిపించే అన్నం, చేట నిండా తీసింది, చాల్లేదు, మళ్ళీ తీసింది, గంప అడుగు కనిపించేదాకా తీసింది, తీస్తూ అనుకున్నది ఏమీ లేదు, బయటికి వచ్చి వదిన నుదుట కుంకుమ పెట్టింది, పెట్టి, పరిచిన కొంగులో పోసింది, నరసక్క బియ్యాన్ని చూసింది, తలెత్తలేదు, తను పోస్తూనే ఉంది, జారి కంబళి మీద పడేదాకా, ఇంకొకటి పట్టే చోటు లేకుండా ఒడి నిండేదాకా, అప్పుడు ఆకులూ బెల్లమూ పైన పెట్టి, వదినా, అంది.

ఎద్దు మెడ గంట ఒకసారి మోగింది, నరసక్క కొంగు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి ముడి వేసింది, ముడి సరిగా పడలేదు, విప్పి మళ్ళీ వేసింది, ఇన్ని బియ్యం నేనొక్కదాన్ని ఏం తిందునమ్మే, ఎండాకాలం నలుగురినీ పంపించు, తినిపోతారు, అంది చివరికి, గొంతు గట్టిగానే తెచ్చుకుంది, సుంకి బుగ్గ పట్టుకుని, మీయమ్మ గట్టిది, నాకు గొర్రెపిల్ల దక్కనీలేదు, అంది, నవ్వినట్టే అంది, లంగా వెనక్కి తీసుకోలేదు, దానికే ఉండనీ, అని బండెక్కింది, బైలప్ప బండి వెనక మలుపు దాకా నడిచాడు, సుంకి మాత్రం అత్తా అని ఒక్క కేక పెట్టి, బోరన్న పిలిస్తే మరిచిపోయి గులకరాళ్ళ దొడ్డిలోకి పాకింది, ఎక్కడి నుంచో హనుమి మోకాళ్ళ నిండా దుమ్ముతో వచ్చింది, చంటివాడు లేచాడు, మడమ బొబ్బలెక్కింది, మళ్ళీ అంతా మొదలు, ఏమీ తగ్గలేదు, తగ్గదు, రామాంజినమ్మ గడప మీద కూలబడి దుమ్ములో దూరమవుతున్న బండిని చూస్తూ, పొద్దుటి నుంచి ఈ ఇంట్లో లేనిది సుంకి ఒక్కతే కాదు, వదిన కూడా, కడవ అందుకున్న చెయ్యి, ఉయ్యాల ఊపిన చెయ్యి, పది దినాలు ఈ ఇల్లు నడిచింది ఆ చేతుల వల్ల కూడా, అనుకుంది, ఈ ఇంట్లో పిల్లలు ఎక్కువ కాలేదు, చేతులు తక్కువయ్యాయి, నిన్న తన నోట రావలసింది ఎత్తుకొని పో అన్న మాట కాదు, ఇంకో నాలుగు దినాలు ఉండిపో వదినా అన్న మాట, అది అడగడం తెలియకనే ఇది అడిగింది.