పాడని షడ్జం

మార్గళి నెల, కచేరీల కాలం. మైలాపూరు సభలో కోమళవల్లి కచేరీ. వేదిక వెనక గదిలో ఆవిడ మిరియాల పాలు తాగుతుంటే తంబుర వేసే శిష్యురాలు పద్మాసని మళ్ళీ అదే మాట ఎత్తింది.

"అయిదు శ్రుతి నించి నాలుగున్నరకి దించుకుంటే ఏం పోయింది మామీ?"

"నా పరువు పోతుందే. ఇవాళ పై షడ్జం మీద నిలబడలేకపోతే కచేరీలు మానేస్తా, అంతే."

"పొద్దున సాధకంలో అందిందిగా?"

"అందింది. పిల్లి గోడ గీక్కుంటూ ఎక్కినట్టు!"

ఆ సాయంత్రం ఆవిడ సహానా రాగం ఎత్తుకుంది. పక్కన వయొలిన్ సౌందరరాజన్ ఆవిడకి వాయించడం అదే మొదలు. గొంతు ఎటు పోతే అటు, నీడలా ఒక్క అడుగు వెనకగా నడవడం అతని పని. రాగం నెమ్మదిగా మెట్లెక్కి, పై షడ్జానికి ఒక్క మెట్టు కింద, నిషాదం మీద ఆగింది. ఆవిడ ఊపిరి తీసుకుంది. ఆ కాస్త సందులో వయొలిన్ ముందే వెళ్ళి షడ్జాన్ని తాకేసింది.

ముందు వరసలో, ఆవిడ కచేరీ ఒక్కటీ వదలని రాజప్ప మామ "చ్చ్" అన్నాడు. సౌందరరాజన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇప్పుడు పాడితే వయొలిన్ వెనక పరిగెత్తినట్టు. పాడబోయి గొంతు చీలితే ఇక చెప్పనే అక్కర్లేదు. కోమళవల్లి ఎక్కలేదు. నిషాదం నించి వెనక్కి దిగి, ఇంకో దారిన మళ్ళీ అక్కడికే వచ్చింది. గుమ్మం దాకా వచ్చి మళ్ళడం, వచ్చినప్పుడల్లా కొత్త దారిన రావడం. చివరిసారి ఆవిడ ఆగిన చోట, పాడని షడ్జం దగ్గర, రాజప్ప మామ తల ఊపాడు.

తన వంతు వచ్చినప్పుడు సౌందరరాజన్ పైకెళ్ళి చప్పట్లు కొట్టించుకోగలడు. అతనూ నిషాదం దాటలేదు.

కచేరీ అయ్యాక గదిలోకొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "తొందరపడ్డాను మామీ."

"ఎండ వీపు మీద కొడితే నీడ ముందుకే పడుతుంది నాయనా. లే, కాఫీ తాగు."

వెనకే రాజప్ప మామ వచ్చాడు. "ఏం కోమళం, షడ్జం ఇంట్లో మర్చిపోయి వచ్చావా?"

"మీకు వినపడలేదా మామా?"

"వినపడబట్టే అడుగుతున్నా!" అని నవ్వుకుంటూ పోయాడు.

పద్మాసని తంబురకి గుడ్డ తొడుగుతూ భయం భయంగా అడిగింది. "అయితే మానేస్తున్నారా మామీ?"

కోమళవల్లి పాల గ్లాసు అడుగున మిగిలిన మిరియాల గసి విదిలించి గ్లాసు పక్కన పెట్టింది.

"రేపు పొద్దున పెందలాడే రా. తంబుర శ్రుతి నాలుగున్నరకి దించి పెట్టు" అంది.