కింది వరుస

ఆ ఇంట్లో పుట్టినరోజంటే ఒక్కడిది కాదు, నలుగురిది. అన్నయ్య పుట్టిన తారీఖునే వేరే వేరే కాలాల్లో, వేరే వేరే దేశాల్లో మరో ముగ్గురు క్రికెటర్లు పుట్టారు. ఒకాయన చలిదేశపు బ్యాట్స్‌మన్, మీసాలకు మైనం రాసుకుని ఆడిన కాలంవాడు. ఇంకొకాయన దీవుల నుంచి వచ్చిన ఫాస్ట్ బౌలర్. ఆయన బంతికి పళ్ళు రాలగొట్టుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ ఆయన లేడు. మూడోది సరిహద్దుకు అవతలి పిల్ల, ఇప్పుడిప్పుడే సెంచరీలు కొడుతోంది. అన్నయ్య వాళ్ళను 'మా కవలలు' అనేవాడు. "ఆ రోజు నేను కన్నది వీణ్ణొక్కణ్ణే, మిగతా ముగ్గురూ ఎక్కడ తగులుకున్నారో" అనేది వాళ్ళమ్మ.

వాళ్ళ ముగ్గురి పేర్లూ చెబితే చాలు, జనం లేచి నిలబడతారు. అన్నయ్య దేశానికి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. అందులోనూ బంతి గ్లవ్‌కు రాసుకునే కీపరు చేతిలో పడిందని తనకు తెలుసు గనక, అంపైరు వేలెత్తకముందే బ్యాటు చంకలో పెట్టుకుని పెవిలియన్ దారి పట్టాడు. "అంత తొందరైతే ఇంటికే పొమ్మనండి" అన్నారట సెలెక్టర్లు. మళ్ళీ పిలిచిన పాపాన పోలేదు. ఆ తర్వాత జీవితమంతా ఆటసామాన్ల కొట్లో బ్యాట్లకు రబ్బరు పట్టీలు ఎక్కిస్తూ గడిపేశాడు. లోకం ఆయన్ని శుభ్రంగా మర్చిపోయింది, ఏడాదికి ఒక్కరోజు తప్ప.

ఆ ఒక్కరోజూ తమ్ముడి చలవ. తమ్ముడు పత్రికాఫీసులో ఆదివారం అనుబంధం చూస్తాడు. చివరి పేజీలో 'ఈ వారం పుట్టిన ఆటగాళ్ళు' అతని సొంత కష్టం. దానికొక పద్ధతి ఉంది. బతికున్నవాళ్ళు పై వరుసలో, రంగుల్లో. పోయినవాళ్ళు కింది వరుసలో, నలుపు తెలుపుల్లో. ఏటా పేపరు చేతికి రాగానే అన్నయ్య ఫోన్ చేసేవాడు.

"ఏరా, నన్నింకా మేడ మీదే ఉంచావన్నమాట. కిందికి దించేటప్పుడు ముందుగా చెప్పరా, సామాను సర్దుకోవాలి."

ఏటా అదే జోకు. ఏటా ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవాళ్ళు.

ఈ ఏడు పుట్టినరోజు సరిగ్గా ఆదివారమే పడింది. దానికి ముందే అన్నయ్య ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం, చేతికి సూది. కళ్ళు తెరిచినప్పుడల్లా ఒకటే గొణుగుడు, ఆదివారం దాకా ఉంటే చాలని, పేజీ చూస్తే చాలని. మంగళవారం డాక్టరు తమ్ముణ్ణి వరండాలోకి పిలిచి, "రెండు రోజులు గడిస్తే గొప్ప. చెప్పాల్సినవాళ్ళకు చెప్పుకోండి" అన్నాడు.

అనుబంధం ముందే అచ్చవుతుంది. మంగళవారం సాయంత్రానికి పేజీ కట్టి పంపెయ్యాలి. తమ్ముడు కంప్యూటరు ముందు కూర్చుని అన్నయ్య ఫొటో తెరిచాడు. అంతకు ముందొకసారి, పోయిన కోచ్ ఒకాయన్ని పొరపాటున పై వరుసలో వేసి శుభాకాంక్షలు చెబితే, ఆయన కూతురు ఆఫీసుకొచ్చి అందరి ముందూ ఏడ్చిపోయింది. అది అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. అన్నయ్య విషయంలో అలా నవ్వులపాలు కాకూడదనుకున్నాడు. ఫొటోను కింది వరుసకు లాగాడు. రంగు తీసేశాడు. పుట్టిన ఏడు పక్కన గీత పెట్టి, ఈ ఏడు అంకె వేశాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు, నిజమే. కానీ తుడుచుకుని సంతకం కూడా పెట్టాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఏం కాదన్నయ్యా. ఆదివారం పేజీ చూసి నువ్వే ఫోన్ చేస్తావు" అన్నాడు.

అన్నయ్య ఆ మాట పట్టుకున్నాడు. గురువారం గొట్టం తీసేశారు. శుక్రవారం పొద్దున దిండుకు ఆనుకుని కూర్చుని, సూపులో ఉప్పు లేదని వదినను కసురుకున్నాడు. "మీ అన్నయ్య తిట్టాడయ్యా" అని వదిన ఫోన్లో నవ్వుతూ ఏడ్చింది.

తమ్ముడు గుండెలు బాదుకుంటూ ప్రెస్సుకు పరిగెత్తాడు.

"కట్టలు లారీలెక్కేశాయి సార్" అన్నాడు ఫోర్‌మన్.

"ఆ చివరి పేజీ ఒక్కటీ ఆపలేమా?"

"మీరు సంతకం పెట్టాకే కదా సార్ మిషను తిప్పింది."

తోడబుట్టినవాడు చావు తప్పించుకుంటే ఎవడైనా సంబరపడాలి. తమ్ముడు ప్రెస్సు మెట్ల మీద తల పట్టుకుని కూలబడ్డాడు. ఆ నిమిషాన మనసులో ఏం మెదిలిందో అతను ఎవరికీ చెప్పలేదు. మనమూ అడగొద్దు.

ఆదివారం పొద్దున్నే, అనుబంధం తీసేసిన పేపరు పట్టుకుని వార్డుకు వెళ్ళాడు. అన్నయ్య గడ్డం గీయించుకుని, తల దువ్వించుకుని, పెళ్ళికొడుకులా సిద్ధంగా ఉన్నాడు.

"ఏదిరా మా కవలల పేజీ?"

"ఈ వారం రాలేదన్నయ్యా. ప్రకటనలు ఎక్కువై ఆపేశారు."

అన్నయ్య మొహం వాడిపోయింది. "అలాగా. పోనీలే, వాళ్ళకీ ఇబ్బందులుంటాయి" అని దుప్పటి సరిచేసుకున్నాడు. ఈ గండం ఇంతటితో గడిచిందని తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే పక్క మంచం మీది లారీ డ్రైవరు తన పేపరు మడిచి పట్టుకుని లేచి వచ్చాడు. "సార్, ఇది మీరేగా? నాకు చెప్పనేలేదే మీరింత గొప్పవారని." పాపం, అతనికి పై వరుసేదో, కింది వరుసేదో ఏం తెలుసు. సంతోషంగా పేజీ అన్నయ్య ఒళ్ళో పెట్టాడు.

అన్నయ్య కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. కవలల్లో అవతలి దేశపు పిల్ల ఒక్కతే పై వరుసలో నవ్వుతోంది. కింద మీసాలాయనకూ దీవుల బౌలరుకూ మధ్య తను. పేరు కింద వేలు పెట్టి అంకెల దాకా జరిపాడు. వేలు అక్కడ ఆగిపోయింది.

"ఈ పేజీ ఎప్పుడు కట్టావురా?"

"మంగళవారం."

"మంగళవారం సాయంత్రం నా పక్కనే కూర్చుని ఏం కాదన్నావే."

"డాక్టరు చెప్పాడన్నయ్యా... నేను... సవరణ వేస్తాను. మొదటి పేజీలోనే వేయిస్తాను."

"వద్దులే." గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "ముందుగా చెప్పమన్నాను కదరా. సామాను సర్దుకునేవాణ్ణి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్నయ్య కళ్ళజోడు తీసి, మడిచి, వదిన చేతిలో పెట్టాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నం వదిన చెంచా నోటి దగ్గర పెడితే పెదవి విప్పలేదు. మందు బిళ్ళలూ అంతే. డాక్టరు వచ్చి, నాడి చూసి, బాగానే ఉందే అని వెళ్ళిపోయాడు.

"నువ్వు చెప్పవయ్యా. నీ మాటైతే వింటాడు" అంది వదిన, చెంచా పట్టుకునే.

తమ్ముడు ఆమె చేతిలోని చెంచా తీసుకుని పక్కన పెట్టాడు. తన మాట అన్నయ్య పొద్దున్నే చదివేశాడు.

సవరణ ప్రూఫు ఆ తర్వాతి గురువారం తమ్ముడి బల్ల మీదికి వచ్చింది. అచ్చుకు పంపమంటారా అని ప్రెస్సు నుంచి అడిగారు. తమ్ముడు దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అన్నయ్యను సాగనంపి వచ్చిన బట్టలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. అప్పటికి ఆ పేజీలో సవరించాల్సిన తప్పేమీ లేదు.