లావు సిగారు సంగతి

మసేనమ్మ చేతిలో టార్చిలైటు ఉంది, ఎదురుగా ఆమె అప్పా అని పిలిచే తోడికోడలు నూకరత్నం పీట మీద కూర్చుని ఉంది, ఆ పీట ఉన్నది కేప్టెన్ బాబు బంగళా వరండాలో, కానీ వరండా నిండా ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి, వంటింటి గుమ్మంలోంచి సముద్రం వచ్చి గడప తడిపి మళ్ళీ లోపలికే పోతోంది. ఇవేవీ మసేనమ్మకు వింతగా లేవు. నూకరత్నం పోయి రెండేళ్ళయిందని ఆమెకు తెలుసు, అదీ వింతగా లేదు. ఒళ్ళు మండిపోతున్నది ఒక్కదానికే. గంటసేపటి నుంచి బతిమాలుతున్నా ఆ మనిషి నోరు తెరిచి చూపించడం లేదు.

"ఒక్కపాలి తెరువప్పా. సూసీసి ఒగ్గేస్తాను."

"ముందు ఆ లావు దాని సంగతి సెప్పు," అంటోంది నూకరత్నం. పెదవులు కదలడం లేదు, మాట మాత్రం ఎప్పటిలాగే బొంగురుగా వస్తోంది. "ఆ రోజు సగంలో ఆపీసినావు."

అదీ పేచీ. చచ్చి కనిపించిన మనిషి పిల్లల గురించి అడుగుతుంది, ఇల్లు ఎలా ఉందని అడుగుతుంది. ఈవిడకు సిగారు కబుర్లు కావాలి.

ఇద్దరూ పదమూడేళ్ళకే అడ్డపొగ పట్టినవాళ్ళు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడమే అడ్డపొగ. భీమిలి ఒడ్డున చేపల తట్టలు మోసే ఆడవాళ్ళకు అది కొత్తేమీ కాదు, సముద్రపు గాలికి నిప్పు ఆరదు, చేతులు ఖాళీగా ఉంటాయి. అయితే మసేనమ్మకు నోటి పొగలో దొరబాబుల రుచులు తెలిసింది కేప్టెన్ బాబు వల్ల. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో తిరిగి వచ్చి బంగళా కట్టుకున్నాడు ఆయన, మసేనమ్మ అక్కడ చేపల కూర వండేది. ఆయనకు సిగార్ల పిచ్చి. లోపల తడి స్పాంజి పెట్టిన చెక్కపెట్టెలో వాటిని పసిపిల్లల్లా చూసుకునేవాడు. ఒక రోజు పెరట్లో ఈవిడ నిప్పు నోట్లో పెట్టుకుని చేపలు తోముతుంటే చూసి నోరెళ్ళబెట్టాడు. అప్పటి నుంచి ఏ దేశం సరుకు వచ్చినా ఈవిడకొకటి ఇచ్చి, ఎలా ఉందో నిజం చెప్పమనేవాడు. పుట్టి బుద్ధెరిగాక మసేనమ్మను ఏదైనా ఎలా ఉందని అడిగిన మగవాడు ఆయనొక్కడే. అందుకే ఆ సిగారును సగం తను కాల్చి, మిగతా సగం నూకరత్నానికి ఇచ్చి, దాని గుణగణాలు గంటల తరబడి చెప్పేది.

టార్చి బొత్తాం నొక్కుతోంది మసేనమ్మ. వెలుగు బదులు ఇసక రాలుతోంది. విదిలించి మళ్ళీ నొక్కుతోంది, మళ్ళీ ఇసకే.

"మొదట్నించి సెప్పు," అంటోంది నూకరత్నం తాపీగా. ఆమె వేళ్ళకు సిగార్లకు చుట్టే బంగారు రంగు కాగితపు పట్టీలు ఉంగరాల్లా ఉన్నాయి, బతికున్నప్పుడు కూడా అవి ఎవరికీ ఇచ్చేది కాదు. "ఆ మొట్టమొదటిది గుర్తున్నాదా? రాయి అన్నావు."

గుర్తు లేకేం. సిగారుకు ఒక కొస మూసి ఉంటుందని, దాన్ని కోసి కాల్చాలని ఇద్దరికీ తెలీదు. వెలిగించి నిప్పు కొస లోపల పెట్టుకుని ఎంత పీల్చినా గాలి రాలేదు, నిప్పు నాలుక మీదే ఆరిపోయింది. ఇంత డబ్బు పోసి రాళ్ళు కొనుక్కుంటాడేమిటి ఈ బాబు అని మసేనమ్మ ఆయన మొహం మీదే అనేసింది. ఆయన పడీ పడీ నవ్వి, చిన్న కత్తెరతో ఆ కొస కోసి ఇచ్చాడు.

"నీ నోరూ అలాగే ఉన్నాది ఇప్పుడు," అంటోంది మసేనమ్మ విసుగ్గా. "కత్తెర తేవాలేటి?"

"మనీలాది సెప్పు."

"ఏటి సెప్పేది, దాని మూతికి తీపి రాసినారు. తీపి రాసిన మూతి మనకి బయటుంటాది. గాలి నాకింది ఆ తీపి. అప్పా, తెరువు."

"సన్నగా ఉండేది, జావాది?"

"అది ఎండిపోయిన ఆకు. రెండు పీల్పులకి అయిపోనాది. మన లంక పొగాకు చుట్ట దానికి నాలుగింతలు నయం. నల్లగా ఉండేది ఒకటి ఇచ్చినాడు సూడు, నికరాగువాది, అదీ ఆకంటే. మిరియం నూరినట్టు అంగిలికి..."

అంగిలి అన్న మాట నోటి నుంచి రాగానే ఇద్దరూ బస్సులో ఉన్నారు. తట్టలు కాళ్ళ దగ్గర ఉన్నాయి, బస్సు విశాఖపట్నం వైపు పోతోంది, కిటికీలోంచి పెద్దాసుపత్రి కనిపిస్తోంది. ఆపండి, ఆపండి అని మసేనమ్మ అరుస్తోంది, నూకరత్నం చెయ్యి పట్టి లాగుతోంది, ఆ చెయ్యి ఎండుగడ్డిలాగా తేలిగ్గా వస్తోంది గాని మనిషి లేవడం లేదు. కండక్టరు టిక్కెట్ల సంచికి బదులు చెక్కపెట్టె పట్టుకుని వస్తున్నాడు, దగ్గరకు వచ్చేసరికి కేప్టెన్ బాబు.

"ఎలా ఉంది మసేనమ్మా? నిజం చెప్పాలి," అంటున్నాడు ఆయన.

"బస్సాపు బాబూ. మా అప్పని సూపించాలి."

"అది సరే, ఆ లావుది ఎలా ఉంది?"

ఆసుపత్రి వెనక్కి పోయింది. కాసేపటికి మళ్ళీ ఎదురొచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. ఎవరికీ తన మాట పట్టడం లేదు. మసేనమ్మకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది, పళ్ళు పటపటా కొరకాలనిపించేంత కోపం. ఒక చిన్న పని. నోరు తెరవడం, లోపలికి చూడడం. దానికి ఇన్ని సిగార్లేమిటి.

"సరే సెప్తాను, ఇను," అంటోంది చివరికి, తట్ట మీద కూలబడి. "అది క్యూబాది. బొటనేలంత లావు. దవడలు పట్టక సొంగ కారింది. కానీ మంచి ఆకప్పా. పొగ మెత్తగా దిగింది, కొబ్బరి పాలు పోసి ఉడికించినట్టు. సగమయ్యేసరికి తీపొచ్చింది, ఎవులూ రాయని తీపి. అలాటిది నాను మళ్ళీ కాల్చనేదు. ఆ సగమే నీకని దాచినాను. నువ్వు వద్దన్నావు."

ఆ మాటతో బస్సు లేదు. ఇద్దరూ చేపలు ఆరబెట్టే ఇసక మీద ఉన్నారు, ఆ రోజటి మిట్టమధ్యాహ్నమే. నూకరత్నం ఏ సిగారునీ వద్దన్నది అదొక్కసారే. మసేనమ్మ లావు సిగారును ఆకాశానికెత్తేస్తుంటే మధ్యలో అడ్డుపడి, పులుసు తగిలితే అంగిలి మండుతోంది, ఒకసారి నోట్లోకి చూడవే అని అడిగింది. మాటకు అడ్డొచ్చినందుకు మసేనమ్మకు చిరాకేసింది. నిప్పు నోట్లో పెట్టుకుంటే మండదేటి, ఇది అవ్వనీ అంది. మిగిలిన సగం అందిస్తే నూకరత్నం తల అడ్డంగా ఊపింది. అలిగిందనుకుని ఆ సగమూ తనే కాల్చేసింది. నాలుగు నెలల తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న లైటు వేసి అంగిలి మీది పుండు చూసి, ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదా అని అడిగింది. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. ఊరికే అడిగింది.

"నానే సూడనేదు," అంటోంది మసేనమ్మ. "నువ్వు అడిగినావు, నాను సూడనేదు. సిగారు ఆరిపోతాదని సూడనేదు. ఇప్పుడైనా తెరువప్పా, నీకు పున్నెముంటాది."

నూకరత్నం ఆమెకు దగ్గరగా జరుగుతోంది. పట్టీల ఉంగరాలు ఎండకు మెరుస్తున్నాయి.

"నాది సూసి ఇప్పుడేటి సేస్తావే పిచ్చిమొకమా," అంటోంది. "నెల్లాళ్ళ బట్టి కారం ఒగ్గీసి సప్పిడి తింటన్నావు. కోడలికి కడుపులో మంటని సెప్పినావు. నాకాడ కూడా దాపరికమేటి? నువ్వు తెరువు."

మసేనమ్మకు అప్పుడు తెలుస్తోంది, ఇందాకటి నుంచి మూసుకుని ఉన్నది తన నోరేనని. తెరవకూడదని పళ్ళు బిగిస్తోంది, తెరిస్తే అది నిజమైపోతుంది. కానీ కలలో పళ్ళకు పట్టు లేదు. నూకరత్నం చూపుడువేలు, కాగితపు ఉంగరంతో సహా, లోపలికి వచ్చి అంగిలి మీద ఎడమ పక్కన, గింజంత చోట, సరిగ్గా అక్కడే నొక్కింది.

భగ్గుమంది. మసేనమ్మ ఉలిక్కిపడి లేచింది.

అరుగు మీద నులకమంచం, పన్నెండు గంటల ఎండ. భోజనానికి ముందు నడుం వాలుస్తూ నోట్లో పెట్టుకున్న చుట్ట ఆరిపోయి, బూడిద నాలుకకు అంటుకుని ఉంది. దాన్ని ఉమ్మేసి, నాలుకతో అంగిలి తడిమింది. ఎడమ పక్కన గింజంత గరుకు. నెల్లాళ్ళుగా అక్కడే ఉంది.

అరుగు కింద కోడలు రోహిణి కత్తిపీట ముందు కూర్చుని కవళ్ళ చేపలు కోస్తోంది. పక్కన పీట మీద ఫోనులో ఎవరో పాడుతున్నారు.

"ఒలే రోహిణీ. అంగిలి మండతంది. ఒకసారి నా నోట్లోకి సూడే."

రోహిణి తలెత్తలేదు. "నిప్పు నోట్లో ఎట్టుకుంటే మండదేటత్తా," అంది చేప తల కోస్తూ. "ఈ నాలుగూ అవ్వనీ."

మసేనమ్మ మంచం కోడు పట్టుకుని లేచింది. తిట్టు నోటిదాకా వచ్చింది గాని మింగేసింది. మెల్లగా అరుగు దిగి, కత్తిపీటకు ఇవతల, చేపల పొలుసులోనే చతికిలబడి, ఎండకు ఎదురుగా తల ఎత్తి నోరు తెరిచింది. రోహిణి ఏదో అడిగింది. జవాబు చెప్పాలంటే నోరు మూయాలి, అందుకని చెప్పలేదు. కోడలు చేతిలోని చేప దించి, చెంగుకు చేతులు తుడుచుకుని, పాట ఆపి ఫోను లైటు వేసేదాకా అలాగే తెరుచుకుని కూర్చుంది.