నా ఆరోగ్యం బాగుందన్నారు

నేను ఒక విమానం ఇంజిన్ని. పుట్టింది సముద్రాల అవతల, మంచు కురిసే ఊళ్లో. బతుకు గడిచింది మాత్రం హైదరాబాదులో, పాలపిట్ట ఎయిర్‌లైన్స్ అనే చౌక విమానాల కంపెనీ రెక్క కింద. బస్సు చార్జీకే ఆకాశం చూపిస్తామని యజమాని కోదండపాణి గోడల నిండా రాయించాడు. జనం నమ్మి ఎక్కారు. ఎక్కిన ప్రతి మనిషి మీదా కంపెనీకి నష్టమేనని వాళ్లకి తెలియదు. తెలిసినవాడు చెప్పలేదు.

నన్ను చూసుకునే ఇంజినీరు ఇమ్మానుయేలు, తెనాలి మనిషి. జీతాలు ఆగిపోయాక కూడా రోజూ వచ్చి నా బ్లేడ్లని వేళ్లతో తడిమి చూసేవాడు. ఈలోగా అప్పిచ్చిన బ్యాంకుకి అనుమానం వచ్చింది. కంపెనీ ఆర్థిక ఆరోగ్యం ఎలా ఉందో చూసి రమ్మని నీలవేణి అనే అధికారిణిని పంపింది. ఆమె మంచిమాట రాస్తే మళ్లీ అప్పు పుడుతుంది, జీతాలు వస్తాయి. మా షెడ్డులో అందరి ఆశా అదే.

ఆఫీసులో లెక్కలన్నీ చూశాక ఆమె షెడ్డుకి వచ్చింది. నెమ్మదైన మనిషి. మాట కూడా మెత్తన.

"ఈ ఇంజిను ఎలా ఉందండీ?"

"బంగారం మేడమ్. పోయినేడే మొత్తం విప్పి బాగుచేయించాం. ఇంకా ఏళ్ల తరబడి ఎగురుతుంది."

"మిగతావి?"

"అన్నీ ఇంతే. మా దగ్గర డబ్బు లేకపోవచ్చు గానీ సరుకు గట్టిది."

ఆమె రాసుకుంది. వెళ్లబోతూ ఆగి, "దీన్ని రెక్క నుంచి దించాలంటే ఎంతసేపు పడుతుంది?" అంది.

"మావాళ్లు ఒక్క పూటలో దించేస్తారు," అన్నాడు ఇమ్మానుయేలు గర్వంగా. మేడమ్ సంతోషంగా వెళ్లిందని తోటివాళ్లకి టీ కూడా తెప్పించాడు.

వారం తిరక్కుండా విమానాలు ఆగిపోయాయి. కంపెనీ నడిస్తే వచ్చేదానికన్నా, మూసేసి మమ్మల్ని విడిగా అమ్మితేనే బ్యాంకుకి ఎక్కువ వస్తుందని ఆమె తేల్చింది. కోదండపాణి ముందే దుబాయి చేరాడు. టికెట్లు కొన్నవాళ్ల తిట్లన్నీ కౌంటర్లో కూర్చునే ఆడపిల్లలు తిన్నారు.

ఇమ్మానుయేలు నా పక్కనే నిలబడి ఆమెకి ఫోన్ చేశాడు.

"ఇంజిన్లు బాగున్నాయని చెప్పాను కదా మేడమ్."

"మీరు చెప్పిందే రాశానండీ. బాగున్నాయి కాబట్టే కొనేవాళ్లు దొరికారు. పాడైపోయి ఉంటే, ఇంకొన్నాళ్లు నడుపుకోమని వదిలేసేవాళ్లం."

"మరి మా జీతాలు?"

"బ్యాంకు బాకీ తీరాక ఏమైనా మిగిలితే ఇస్తారు."

దించే రోజు వచ్చింది. నేను మంచి స్థితిలో ఉన్నానని లైసెన్సున్న ఇంజినీరు సంతకం పెడితేనే కొన్నవాళ్లు నన్ను తీసుకెళతారు. ఇమ్మానుయేలు పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"పెట్టను సైదులూ," అన్నాడు మెకానిక్కుతో. "ఎట్లా అమ్ముకుంటారో చూస్తా."

"మీరు పెట్టకుంటే ఇంకొకరితోని పెట్టిస్తరు సార్. మాకు ఇయ్యాల్టి కూలి గూడ రాదు. ఇంట్ల బియ్యం లెవ్వు."

పెట్టాడు. నన్ను దించారు. గాలికి విమానం ఒరిగిపోకుండా నేనున్న చోట ఒక సిమెంటు దిమ్మ వేలాడదీశారు. రెక్కకి తేడా తెలిసినట్టు లేదు.

లారీ ఎక్కించాక ఇమ్మానుయేలు తనే తాళ్లు బిగించాడు. "స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనివ్వు బాబూ. లోపల బేరింగులు అదురుతాయి."

"కంపెనీయే పోయింది గదన్నా, ఇంక నీకెందుకు?" అన్నాడు డ్రైవరు.

ఇమ్మానుయేలు ఇంకో తాడు తెచ్చి కట్టాడు.

ఇప్పుడు నేను పరాయి దేశంలో, పరాయి రెక్క కింద రోజూ ఎగురుతున్నాను. నాకు ఏ లోటూ లేదు. ఇమ్మానుయేలుకి రావలసింది వచ్చిందో లేదో తెలియదు. ఇంజిన్లకి ఆ కబుర్లు ఎవరూ చెప్పరు. వచ్చి ఉండదు.