వేలిముద్ర వేసిన కోచ్

భూమేష్‌కు చదువు వచ్చు. ఈ సంగతి సౌదీలోని జుబైల్‌లో ఎవరికీ తెలియదు. తెలియకుండా చూసుకోవడమే అక్కడ అతని మొదటి పని. నేల తుడవడం రెండోది.

హైదరాబాదులో వ్యాయామ విద్యలో బీపీఈడీ చేశాడు. పాటియాలా పోయి వెయిట్‌లిఫ్టింగ్‌లో శిక్షణ తీసుకొని ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. కామారెడ్డిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా, అంటే పీడీగా చేరి పిల్లల చేత బరువులెత్తించాడు, కబడ్డీ ఆడించాడు. ఒక ఎండాకాలం ఆ కాలేజీ యజమానులు గ్రౌండును ప్లాట్లు కొట్టి అమ్ముకున్నారు. గ్రౌండే లేని కాలేజీకి పీడీ దేనికి? పొమ్మన్నారు. సర్కారు కాలేజీల్లో పోస్టులు ఖాళీగా పడి ఉన్నాయి. నింపుతామని ప్రతి ఎన్నికలకూ చెప్తారు, నింపరు.

ఆర్మూరు ఏజెంటు దగ్గర ఒక్క రకం వీసానే ఉంది, క్లీనర్ వీసా. దానికొక షరతు. అంతకుముందు పోయిన బ్యాచిలో ఇద్దరు డిగ్రీవాళ్లు అగ్రిమెంటు చదివి, అందులో రాసిన ఓవర్‌టైమ్ ఏదని అడిగి, క్యాంపు మొత్తం పని ఆపించారు. ఆ రోజు నుంచి ఆ కంపెనీకి చదువొచ్చిన మనిషి వద్దు.

"సంతకం మర్చిపో తమ్మీ," అన్నాడు ఏజెంటు. "పాస్‌పోర్టు కాడికెల్లి అగ్రిమెంటు దాక అంత బొటనవేలే. ఆడ ఎవలన్న ఇంగ్లీషుల అడిగితె బర్రె లెక్క చూడు. నీకు సదువచ్చుడు తెలిసిందనుకో, తెల్లారి ఇంటికే."

భూమేష్ సిరా అద్దుకొని వేలు నొక్కాడు. చదవలేని మనిషి అయితే ఏ కాగితానికైనా ఒప్పుకుంటాడు, ఎదురు అడగడు. కంపెనీ కొనుక్కున్నది భూమేష్ చేతుల్ని ఒక్కటే కాదు, నోరు లేకపోవడాన్ని కూడా.

క్యాంపు గదిలో కూడా అదే వేషం వేయాల్సి వచ్చింది. ఫోర్‌మన్ చెవికి ఎవడు ఏం చేరవేస్తాడో తెలియదు. భూమేష్ మంచానికి పైమంచం అంజన్నది. జగిత్యాల వైపువాడు, రోడ్ల పక్కన చెట్లకు నీళ్లు పెట్టే పని, చదివింది ఐదో తరగతి. భూమేష్ భార్య పుష్ప రాసే ఉత్తరాలు అతనే విప్పి భూమేష్‌కు చదివి వినిపించేవాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చెమటలు కక్కుతూ చదివేవాడు. తన భార్య తనకు రాసుకున్న మాటలు ఇంకో మగవాడి గొంతులో వింటూ భూమేష్ గోడ వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆఖరున అంజన్న ప్రతిసారీ, "టైముకు తినుమని రాసింది వదినె, పానం జాగర్త అన్నది," అనేవాడు. తర్వాత బాత్రూములో గడియ పెట్టుకొని భూమేష్ ఆ ఉత్తరం మళ్లీ చదువుకుంటే ఆ ముక్క అందులో ఉండేది కాదు. అంజన్న సొంతంగా కలిపేవాడు. అంత మంచి స్నేహితుడికి కృతజ్ఞత చెప్పుకునే దారి కూడా లేదు.

కంపెనీ అతన్ని ఒక సాంకేతిక కాలేజీకి పంపింది. అక్కడ వెయిట్స్ గది తుడవాలి, అద్దాలు రుద్దాలి, పిల్లలు పడేసిన ఇనుప పళ్లేలు తీసి స్టాండుకు ఎక్కించాలి. పిల్లలకు కసరత్తు నేర్పే కోచ్ కార్వర్ అనే అమెరికా ఆయన. గోడ మీద ఆయన సర్టిఫికెట్లు ఫ్రేములు కట్టి ఉండేవి. ఒకటి డిగ్రీ, ఒకటి కోచ్‌ల సంఘం పెట్టిన పరీక్ష పాసైనట్టు, ఒకటి గుండె ఆగినవాణ్ని లేపడం వచ్చినట్టు. భూమేష్ ఆ అద్దాలు తుడిచేటప్పుడు గుడ్డ చాలా మెల్లగా కదిలేది. ఆయన దేశంలో ఈ పనికి వేరే పేరుంది, వేరే పరీక్ష ఉంది, కాలేజీకొక గది ఉంది, మనిషికొక బల్ల ఉంది. అదే పనికి తను కూడా రెండు సర్టిఫికెట్లు సంపాదించి, వాటిని ఇంట్లో బట్టల కింద పెట్టి వచ్చాడు.

ఒకరోజు కార్వర్ వెనక నుంచి వచ్చి అడిగాడు. "నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

భూమేష్ తల అడ్డంగా ఊపాడు. కార్వర్ మంచివాడే. భుజం తట్టి పోయాడు.

కువైట్‌ను ఇరాక్ ఆక్రమించింది. జనవరిలో సైరన్లు మొదలయ్యాయి. గ్యాస్ మాస్కులు ఆఫీసువాళ్ల వరకే వచ్చాయి, క్యాంపువాళ్లకు తడి తువ్వాళ్లు చాలన్నారు. కాలేజీ మూసేశారు. కార్వర్ ఒక సంచితో దేశం దాటిపోయాడు. ఫ్రేములు గోడ మీదే ఉండిపోయాయి. ఖాళీ గదిని రోజూ తుడవాలన్నది కంపెనీ ఆర్డరు. మనిషి అడుగు పడని నేలను భూమేష్ యుద్ధం అయ్యేదాకా తుడిచాడు.

యుద్ధం ఆగి కాలేజీ తెరిచారు. కార్వర్ తిరిగి రాలేదు. పిల్లలు మాత్రం వచ్చారు. బల్ల మీద పడుకొని బరువెత్తేటప్పుడు పైన ఒక మనిషి నిలబడి పట్టుకోవాలి, లేకపోతే ఛాతీ మీద పడుతుంది. ఆ పనికి తుర్కీ అనే కుర్రవాడు భూమేష్‌ను పిలిచాడు. "రఫీక్, ఇలా రా, పట్టుకో." పేరు తెలియని పనివాణ్ని అక్కడ అందరూ రఫీక్ అనే పిలుస్తారు.

భూమేష్ తుడుపు కర్ర గోడకు ఆనించి వెళ్లి పట్టుకున్నాడు. ఇనుము చేతికి తగిలింది. తుడవడానికి, సర్దడానికి కాకుండా దాన్ని పట్టి రెండేళ్లయింది.

మొదలైంది అంతే. అతను చేసిన ఘనకార్యం ఏమీ లేదు. కార్వర్ రాసి పోయిన ప్రోగ్రాం బోర్డు మీద అలాగే ఉంది, దాన్నే పిల్లల చేత చేయించాడు. ఒక వారం ఉత్సాహం ఆగక మన తాలీంఖానాల్లో పహిల్వాన్లు తీసే గుంజీల్లాంటి బైఠక్‌లు కూడా కలిపాడు. మర్నాడు సగం మంది మెట్లు దిగలేక గోడ పట్టుకొని నడిచారు, ఇంకో సగం రానే లేదు. తప్పు తెలుసుకొని మళ్లీ బోర్డుకే వచ్చాడు. పిల్లలు మాత్రం అలవాటు పడ్డారు. అతను రాకముందు గది తలుపు దగ్గర ఎదురు చూసేవాళ్లు.

క్రీడల విభాగం పెద్ద అబూ ఫైసల్ కొన్నాళ్లు కిటికీలోంచి చూసి, ఒక మధ్యాహ్నం లోపలికి వచ్చాడు. వచ్చీరాని ఉర్దూలో అడిగాడు, ఇదంతా నీకెవరు నేర్పారని. భూమేష్ బర్రెలా చూడాల్సింది. చూడలేకపోయాడు. నోట్లోంచి ఇంగ్లీషు వచ్చేసింది.

"నేను క్వాలిఫైడ్ కోచ్‌ను సార్. డిగ్రీ ఉంది."

అబూ ఫైసల్ అతని యూనిఫాం చూశాడు, తుడుపు కర్ర చూశాడు. నవ్వలేదు. "సర్టిఫికెట్లు తెప్పించు. సెలవుల తర్వాత నాకు మనిషి కావాలి. నీ కంపెనీ తనాజుల్ ఇస్తే నేను తీసుకుంటాను."

తనాజుల్ అంటే ఒక కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన మనిషిని ఇంకో కఫీలుకు వదిలేస్తున్నానని రాసిచ్చే కాగితం. మనిషిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చడానికి కాగితం కావాలి. ఆ కాగితం రాయడం మనిషి చేతిలో ఉండదు.

ఆ సాయంత్రం భూమేష్ పుష్పకు తన చేత్తో ఉత్తరం రాశాడు. గదిలో కాదు, మసీదు వెనక గోడ నీడలో కూర్చొని రాశాడు. సర్టిఫికెట్లు పంపమన్నాడు. కవరు ఎవరి చేతికి వస్తుందో ఆలోచించలేదు. క్యాంపు టపా తెచ్చేది అంజన్న. భూమేష్ పేరున వచ్చిన ప్రతి కవరూ విప్పేది అంజన్న. ఈసారీ విప్పాడు.

భూమేష్ పని నుంచి వచ్చేసరికి మంచం మీద డిగ్రీ పరిచి ఉంది. అంజన్న పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇదెవ్వల ఫోటో?"

"నాదే."

"ఇంగ్లీషుల ఏమున్నదో సదువు."

భూమేష్ చదివాడు. గబగబా, ఆగకుండా, తప్పు లేకుండా వచ్చింది. ఆగి ఆగి చదివినా బాగుండేది.

"అంటె పంతులువన్నట్టు," అన్నాడు అంజన్న.

"కాలేజీల పీడీని."

"పీడీవి. మరి నేను ఒక్కొక్క అచ్చరం ఏరుకుంట సదువుతుంటే నువ్వేం జేసినవ్? లోపట్లోపట నవ్వుకున్నవా?"

"నవ్వలే అంజన్నా. ఒట్టు."

"నీ పెండ్లాం మాటలు నా నోట్లకెల్లి ఇన్నవ్. అవి సదువాలంటె నాకే సిగ్గయితుండె. నీకు గాలే?"

భూమేష్ ఏజెంటు మాట చెప్పాడు, ఫోర్‌మన్ భయం చెప్పాడు.

"ఫోర్‌మన్‌కు మాటలు మోసేటోని లెక్క కనవడ్డనా నీకు?" అన్నాడు అంజన్న. గొంతు పెంచలేదు. "సరె పీడీ సాబ్. ఇగ నీయి నువ్వే సదువుకో."

మర్నాడు అంజన్న పరుపు చుట్టుకొని పక్క గదిలోకి మారాడు. క్యాంపులో మాట పాకింది. చదువొచ్చినవాడు మొద్దులా ఎందుకున్నాడు? కంపెనీ పెట్టిన మనిషే అయి ఉంటాడు, మన మాటలు వినడానికే ఉన్నాడు. భూమేష్ వస్తే భోజనాల దగ్గర మాటలు ఆగేవి. అతను ఎవరికి భయపడి ఈ వేషం వేశాడో, ఆ వేగులవాడు తనేనని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు. కంపెనీకి ఇంతకంటే ఏం కావాలి? తన్నాల్సిన పని కూడా లేకుండా మనుషులు విడిపోయారు.

అబూ ఫైసల్ రాసిన ఉత్తరం, సర్టిఫికెట్ల నకళ్లు కంపెనీ ఆఫీసుకు చేరాయి. పర్సనెల్ ఆఫీసరు హరనాథ్ పిలిపించాడు. కాకినాడ మనిషి, ఎం.ఏ. చదివాడు, క్యాంపు మొత్తానికి అతను సారు.

"ఏవిటయ్యా భూమేషూ ఇది? ఫైల్లో చూస్తే ఇల్లిటరేట్ అనుంది. ఇక్కడ చూస్తే గ్రాడ్యుయేట్ అంటున్నారు. వీటిల్లో నువ్వెవరివి?"

"రెండూ నేనే సార్."

"అలా కుదరదయ్యా బాబూ. మేనేజరు కాలేజీకి రిప్లై పంపమన్నాడు. రెండు లెటర్లు టైపు చేయించాను, చూడు." బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. "ఇందులో ఏవుందంటే, ఇతను చదువురానివాడు, ఈ సర్టిఫికెట్లు ఇతనివి కావు అని. దీని మీద వేలిముద్ర వేసెయ్. గొడవ ఉండదు. నీ పని నీకుంటుంది, టైమైపోయాక ఇంటికెళ్తావు."

"రెండోది?"

"సర్టిఫికెట్లు నావే, కంపెనీకి అబద్ధం చెప్పి వచ్చాను అని. దీనికి సంతకం పెట్టావనుకో, ఇంక నేను నిన్ను కాపాడలేను. కాలేజీ పని తీసేస్తారు. ఎక్కడికి తోలతారో నాకూ తెలీదు."

"తనాజుల్ ఇస్తరా సార్?"

హరనాథ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అబద్ధం చెప్పి వచ్చినవాడికి ఎందుకిస్తారయ్యా? ఇవ్వరు. దేనికి సంతకం పెట్టినా ఆ ఉద్యోగం నీకు రాదు. అందుకే మొదటిదే వెయ్యమంటున్నా. నీ మంచి కోరే చెప్తున్నా."

"అబద్ధం చెప్పుమన్నది మీ ఏజెంటే గద సార్."

"ఆ సంగతి నాకు తెలుసు. మేనేజరుకూ తెలుసు. ఎవరు రాస్తారయ్యా అది కాగితం మీద?"

ఇంక్ ప్యాడ్ మూత తెరిచే ఉంది. భూమేష్ మొదటి ఉత్తరం తీసుకొని, హరనాథ్ ఎదురుగానే, మొత్తం చదివాడు. ఇవి ఇతనివి కావు అన్న వాక్యం దగ్గర ఆగాడు. అది వెళ్లి అబూ ఫైసల్ బల్ల మీద పడుతుంది. తుర్కీకి తెలుస్తుంది. ఊడ్చేవాడు ఎవరివో సర్టిఫికెట్లు చూపించి మోసం చేయబోయాడని ఆ గదిలో అనుకుంటారు. ఉద్యోగం ఎలాగూ పోయింది. ఇప్పుడు అడుగుతున్నది ఉద్యోగాన్ని కాదు. మైదానంలో ఎండకు కాలిన ఏళ్లను, పాటియాలా చలిలో ఎత్తిన ఇనుమును, కామారెడ్డి పిల్లల్ని, అవేవీ తనవి కావని తన వేలితోనే చెప్పమంటున్నారు.

అతను పెన్ను అడిగాడు.

"ఆలోచించుకో భూమేషూ."

"ఆలోచించిన సార్."

రెండో ఉత్తరం కింద ఇంగ్లీషులో పేరు పూర్తిగా రాశాడు. ఇంటిపేరు కూడా రాశాడు. పక్కన బీపీఈడీ అని రాశాడు. చెయ్యి అలవాటు తప్పింది, అక్షరాలు వంకరపోయాయి.

హరనాథ్ ఆ కాగితం తన వైపు తిప్పుకొని సంతకం చదివాడు. "చదువులో నువ్వు నాకేం తక్కువ కాదయ్యా," అన్నాడు. అని, స్టాంపు వేశాడు.

వారం తిరక్కుండానే ఎడారి లోపల బురైదా దగ్గరి ఖర్జూర తోటల కాంట్రాక్టులో వేశారు. ఇంటికి పంపితే టికెట్ ఖర్చు, బురైదాకు పంపితే పిక్అప్ చాలు. పొద్దున్నే బండి వచ్చింది. భూమేష్ సంచి పెట్టుకొని క్యాంపు గేటు వైపు చూశాడు. అంజన్న డ్యూటీకి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు పళ్లు తోముకుంటూ చూశారు, చెయ్యి ఎవరూ ఎత్తలేదు.

డ్రైవరు పెషావర్ పఠాన్, గుల్‌జమాన్. ఊరు దాటి రెండు వైపులా ఇసుక తప్ప ఏమీ లేని చోటికి వచ్చాక పలకరించాడు.

"క్యా కామ్ హై తేరా, భాయ్?"

"కోచ్ హూఁ."

"వో క్యా హోతా హై?"

భూమేష్ హిందీలో చెప్పాడు, కాలేజీ పిల్లలకు ఒళ్లు ఎలా గట్టిపరుచుకోవాలో, దెబ్బ తగలకుండా బరువు ఎలా ఎత్తాలో నేర్పేవాడని.

గుల్‌జమాన్ పగలబడి నవ్వాడు. బురైదాలో నీకు దొరికే పిల్లలు మేకపిల్లలే అన్నాడు. భూమేష్ కూడా నవ్వాడు. ఎన్ని నెలలకో నవ్వాడు.

"అచ్ఛా కోచ్ సాబ్," అన్నాడు డ్రైవరు, "పొద్దస్తమానం బండి నడిపి నా నడుం పోయింది. ఏం చేయమంటావు?"

భూమేష్ సీట్లో అతని వైపు తిరిగాడు. ముందు ఎక్కడ నొప్పో అడిగాడు. తర్వాత కూర్చునే తీరు గురించి మొదలుపెట్టాడు, వీపుకు ఏది ఆనాలో, బండి ఆపినప్పుడల్లా దిగి ఏ కాలు ఎలా చాపాలో. అప్పటికే గుల్‌జమాన్‌కు ఆ సంగతి మీద ధ్యాస పోయింది. టేపులో పష్తో పాట పెట్టి, గట్టిగా పెంచి, స్టీరింగు మీద తాళం వేస్తున్నాడు.

భూమేష్ ఆపలేదు. పాట మీద నుంచి వినపడేలా గొంతు కొంచెం పెంచి, వరస తప్పకుండా, ఆఖరిదాకా చెప్పాడు.